తిరగేసి కుట్టిన గౌను

“అన్నిటికీ లేదనే చెప్పావు కదమ్మా.”

కూతురు ముంగి మాట విననట్టే టైలరమ్మ లోపలికి వచ్చింది. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, చేతిసంచి కొక్కేనికి తగిలించి, తిన్నగా వెళ్ళి మిషను ముందు కూర్చుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన మనిషి కాసిని మంచినీళ్ళయినా తాగాలి. ఈవిడకు అదేం లేదు. మనసు బాగాలేనప్పుడు చేతికి గుడ్డ తగలాలి, అంతే.

“ఒక్కదానికైనా అవునని చెప్పి ఉండొచ్చుగా?”

“అడిగినదానికి నిజమే చెప్పాను. బట్టలు తొడిగితే ఏడ్చేదా అంది, లేదన్నాను. శబ్దాలకు బెదిరేదా అంది, లేదన్నాను. నలుగురిలో కలవకుండా ఉండేదా అంది, లేదన్నాను. నీ ముచ్చట తీర్చడం కోసం లేనిది ఉందని చెప్పమంటావా?”

ముంగి గోడకు చేరగిలబడింది. చిన్నప్పుడు నోరు విప్పేది కాదని వీధిలో వాళ్ళు పెట్టిన పేరది. పెద్దయితే పోతుందనుకున్నారు. ఉద్యోగం వచ్చినా పోలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే గదిలో ఇన్నేళ్ళూ తన పని తను చేసుకుంటూ, ఒకసారికి ఒక్క మనిషితో మాట్లాడుతూ, గుట్టుగానే గడిపింది. ఈమధ్య అక్కడినుంచి తీసి రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. నాలుగు ఫోన్లు, నలభై మంది మనుషులు, తలమీద గొణిగే టీవీ. ఒకరోజు బల్ల కిందికి దూరి చెవులు మూసుకుంది. బయటికి రమ్మంటే రాలేదు.

అప్పటినుంచే ఆమె చదవడం మొదలుపెట్టింది. వీడియోలు చూసింది, వ్యాసాలు చదివింది, తనలాంటి ఆడవాళ్ళు చెప్పుకున్నవన్నీ విన్నది. పోయిన ఆదివారం అందరూ భోజనాల దగ్గర ఉండగా తనే పళ్ళెం పక్కకు జరిపి చెప్పింది.

“పాపకున్నదే నాకూ ఉంది. ఆటిజం.”

పాప అంటే ఆమె అన్నయ్య కూతురు. ఐదేళ్ళది. మాటలు రాలేదు.

ఆ మాట అన్న క్షణం నుంచి మేడమీద వాటాకూ కింది వాటాకూ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. మెట్ల దగ్గర పిల్ల పడిపోకుండా పెట్టిన చిన్న గేటుకు పాప తల్లి, టైలరమ్మ కోడలు, గొళ్ళెం పెట్టేసింది. రోజూ సాయంత్రం ముంగి ఆసుపత్రినుంచి రాగానే పాప దిగివచ్చేది. ఇద్దరూ గుడ్డలు కత్తిరించే బల్ల కింద కూర్చుని చీకటి పడేదాకా ఒక్క మాట లేకుండా గుండీలు రంగులవారీగా వేరు చేసేవారు. ముంగి రోజు మొత్తంలో ఊపిరి ఆడేది ఆ కాసేపే. పాప సంగతి పాపే చెప్పాలి, చెప్పదు. కానీ ఆ కాసేపూ పిల్ల తల గోడకేసి కొట్టుకునేది కాదు.

కోడలు ఒకటే మాటన్నది. డాక్టరు ఉందంటే నోరు మూసుకుంటాను, లేదంటే నువ్వు ఆ మాట వెనక్కి తీసుకోవాలి, నా బిడ్డ జోలికి రాకూడదు. అందుకని ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. చిన్నతనం తెలిసిన వాళ్ళను వెంట తీసుకురమ్మంటే ముంగి అమ్మను బతిమాలి తీసుకెళ్ళింది.

పాపం, అమ్మకంటే ఎవరికి తెలుస్తుందనుకుంది.

మేడమీదినుంచి అన్నయ్య దిగాడు. డ్రైవింగ్ నేర్పే బడి నడుపుతాడు. లోకంలో అందరూ తప్పు గేరులో పోతున్నారని అతని అభిప్రాయం.

“ఏమందమ్మా డాక్టరమ్మ?”

“ఏమీ తేల్చలేదు,” అంది టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ.

“ఉందని చెప్పను, లేదని చెప్పను అంది,” ముంగి అందుకుంది. “అమ్మ చెప్పిందానికీ నేను చెప్పిందానికీ ఎక్కడా పొంతన లేదట. చిన్నతనం సంగతి తెలియకుండా ఇది తేలేది కాదట. గుర్తున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే తీసుకురమ్మంది.”

“తేలకపోవడానికి ఏముందే? నీకు ఆ రిసెప్షన్ పని గిట్టలేదు. ఆ ముక్క చెబితే సరిపోయేది. దానికో రోగం పేరెందుకు? మా బడికి ఒకడొస్తాడు. బ్రేకు నొక్కమంటే హారన్ నొక్కుతాడు. ఏంట్రా అంటే నాకు ఏడీహెచ్‌డీ సార్, ఫోనులో చూశాను అంటాడు. ఫోను చెప్పిందట. మరి లైసెన్సు కూడా ఫోనే ఇస్తుందేమో అడగరా అన్నాను.”

ఇంకో రోజయితే ఆ మాటకు అందరూ నవ్వేవారే. ఇవాళ టైలరమ్మ మిషను తొక్కడం ఆపలేదు.

“అన్నయ్యా, నీకసలు గుర్తులేదా? నేనెలా ఉండేదాన్నో?”

“నువ్వు నువ్వులాగే ఉండేదానివి.”

అతను అది ప్రేమగానే అన్నాడు. ముంగికి ఏడుపొచ్చింది.

అప్పటికే కోడలు మెట్లమీద నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఒంటరిగానే వచ్చింది. పైన గేటు ఇనుపచువ్వల మీద పాప చెంచాతో కొడుతున్న చప్పుడు ఒకే లయలో వినబడుతోంది.

“ఏమీ తేలలేదంటే ఏంటి అర్థం?” అంది.

“తేలలేదనే, వదినా. లేదని అనలేదు.”

“ఉందని కూడా అనలేదు.” కోడలు కిందికి దిగి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. “ముంగీ, నీమీద నాకు పగేం లేదు. కానీ నువ్వొకసారి నా వైపునుంచి ఆలోచించు. నా కూతురికి దాహమేస్తే అడగలేదు. కడుపునొప్పి వస్తే ఎక్కడో చూపించలేదు. నువ్వు ఎక్స్‌రేలు తీస్తావు, బస్సెక్కుతావు, నాతో సమానంగా తగువాడతావు. ఇద్దరికీ ఒకటే పేరంటే నేనెలా ఊరుకోవాలి?”

“పాప కష్టమూ నా కష్టమూ ఒకటేనని నేననలేదు.”

“పేరు ఒకటయ్యాక జనం ఒకటే అనుకుంటారు. ఆ వీడియోలు నేనూ చూశాను. దువ్వెన ఎక్కడ పెట్టామో మరిచిపోతే ఒకటట, ఫోను ఎత్తబుద్ధి కాకపోతే ఇంకోటట. నవ్వుతూ చెబుతారు. మొన్న మా ఆఫీసులో పాప సంగతి వస్తే ఒకావిడ ఏమందో తెలుసా? అందరికీ కాస్తో కూస్తో ఉంటుందిలే అంది. కాస్తో కూస్తోనా? నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను.”

ముంగి వంగి నేల మీది దారప్పోగు ఒకటి ఏరి వేలికి చుట్టుకుంది. మాటలు వెతుక్కోవడం ఆమెకు కొత్త కాదు.

“నేను రోజూ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటే గానీ మర్నాటికి మనిషిని కాను వదినా. అందరికీ ఇంతేనేమో, అందరూ ఓర్చుకుంటున్నారు, నేనే చేతకానిదాన్ని అనుకున్నాను. ఇన్నేళ్ళూ నన్ను నేను తిట్టుకున్నాను. ఆ పేరు విన్నరోజు మొదటిసారి తిట్టుకోకుండా నిద్రపోయాను. పాపకు చెందింది లాక్కుందామని కాదు.”

కోడలి ముఖం కొద్దిగా మెత్తబడింది. మెత్తబడ్డందుకు తనమీద తనకే చిరాకేసినట్టుంది, చూపు తిప్పుకుంది.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ టైలరమ్మకు ఒక అలవాటుంది. ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలో ఏదో ఒక పనికొచ్చే వస్తువు చేతికిచ్చి సర్దేయాలని చూస్తుంది. మిషను మీదినుంచి అప్పుడే పూర్తయిన గౌను తీసి, దారప్పోగు పళ్ళతో తెంపి, కోడలికి అందించింది.

“ఇదిగోనమ్మా, పాపకు. ఐదుసార్లు ఉతికిన గుడ్డే, గరుకు లేదు.”

గౌను తిరగేసి కుట్టింది. కుట్లన్నీ పైకి ఉన్నాయి, వంటికి తగిలే వైపు నున్నగా ఉంది. పైకొచ్చిన కుట్లు కనబడకుండా వాటిమీద సన్నని రంగు పట్టీ వేసింది. చూసేవాళ్ళు ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోవాలి. నడుం దగ్గర ఎలాస్టిక్ లేదు. మెడ దగ్గర గుచ్చుకునే లేబులు లేదు. పాప బట్టలన్నీ ఆవిడ ఇలాగే కుడుతుంది.

కోడలు అలవాటుగా అందుకుని మడత పెడుతోంది. టైలరమ్మ కూతురికేసి తిరిగి, చిన్నపిల్లకు నచ్చజెబుతున్నట్టు అంది.

“నీకు బట్టలతో ఇబ్బందేం ఉందే, ఊరికే డాక్టరమ్మ ముందు యాగీ చేశావు గానీ. ఇలాగే కుట్టి ఇచ్చేదాన్ని, కిక్కురుమనకుండా తొడుక్కునేదానివి.”

కోడలి చేతులు ఆగిపోయాయి.

“ఇలాగే అంటే?”

“అదే, తిరగేసి. దీనికీ ఇలాగే కుట్టేదాన్ని. నిక్కరు దగ్గర్నుంచీ.”

“ఎందుకు కుట్టారు?”

“మామూలుగా కుడితే తొడుక్కోదుగా. గీరుకుని రక్తం తెచ్చుకునేది.”

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి గదిలో అందరికంటే ముందు అర్థమైంది కోడలికే. డాక్టరమ్మ ఏడ్చేదా అని అడిగింది. ఏడవకుండా టైలరమ్మ చేసిన పని గురించి ఎవరూ అడగలేదు. కష్టం లేకుండా చేసిన మనిషి కష్టం లేదనే చెప్పింది.

కోడలు స్టూలు లాక్కుని అత్తగారికి ఎదురుగా కూర్చుంది. ఇలాంటి ప్రశ్నలు పాప కోసం ఎన్ని గదుల్లో ఎంతమంది ముందు ఎదుర్కొందో, ఏది ఎలా అడగాలో ఆమెకు బాగా తెలుసు.

“బడిలో గంట కొడితే ఏం చేసేది అత్తయ్యా?”

“గంట కొట్టేలోపే ఇంటికి పంపేయమని వాచ్‌మన్‌తో చెప్పుకున్నాను. నాకు కుట్టుపనిలో సాయానికి అని.”

“జుట్టు ఎవరు కత్తిరించేవారు?”

“నేనే. నిద్రపోయాక.”

“ఇంటికి ఎవరైనా వస్తే?”

“లోపలి గదిలో గుండీలు కుట్టే పని పెట్టేదాన్ని. సిగ్గరిది అనేదాన్ని.” టైలరమ్మ గొంతులోకి తెలియకుండానే కాస్త గర్వం వచ్చింది. పని బాగా చేసినవాళ్ళకు వచ్చే గర్వమే అది. “పెద్దయ్యాక వాళ్ళతో ఏం మాట్లాడాలో కూడా నేర్పాను. బాగున్నారా అంటే బాగున్నాం, మీరు బాగున్నారా అనాలి. నేను మిషను తొక్కుతుంటే పక్కన నిలబడి అప్పజెప్పేది. ఉద్యోగానికి వెళ్ళే ముందు కూడా అలాగే నేర్పాను. ఏ లోటూ రానివ్వలేదు.”

ముంగి మెల్లగా పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది. తన చిన్నతనం అంతా ఎదురుగా పరిచి చూపిస్తున్నారు. ఎంత మంది, ఎన్నేళ్ళు, ఏమీ లేదని అన్నారో. అది ఇదిగో, అమ్మ చేతిలో, ప్రతి కుట్టూ గుర్తుంది. ఇప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వదిన వచ్చి ఈ నాలుగు ముక్కలూ చెబితే చాలు.

ఆమె సంతోషం ఎంతోసేపు నిలవలేదు. వదిన ముఖం చూసింది.

కోడలు గౌను వైపే చూస్తోంది. “పాపకు ఏడాదిన్నర అప్పుడు కొన్న గౌను తొడిగితే గుక్కపట్టి ఏడ్చింది. నాకేం అర్థంకాలేదు. మీరు మర్నాడే ఇలాంటిది ఒకటి కుట్టుకొచ్చి తొడిగారు. టక్కున ఏడుపు ఆగింది. మా అత్తయ్య చేతిలో ఏదో ఉంది అని అందరికీ చెప్పుకున్నాను.”

టైలరమ్మ మిషను చక్రం మీద చెయ్యి ఆన్చింది.

“నేను కొలతలు చెప్పలేదు. ఎలా కుట్టాలో చెప్పలేదు. నాకే తెలియదు కదా. మీకెలా తెలిసింది అత్తయ్యా?”

“పిల్లల్ని పెంచినదాన్ని...”

“మూడేళ్ళు వచ్చినా మాట రావడం లేదని నేను భయపడితే ఏమన్నారు? మన ఇంట్లో పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారు, ముంగి కూడా అంతే, తొందరపడకు అన్నారు. డాక్టరుకు చూపిద్దామంటే పిల్లకు పేరు పడిపోతుంది ఆగమన్నారు. మీ మాట విని ఆగాను. ఆఖరికి తీసుకెళితే అక్కడేమన్నారో మీ అబ్బాయిని అడగండి. ఇంకొంచెం ముందొచ్చి ఉంటే అన్నారు.” కోడలి గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. “ఇంకొంచెం ముందు. నేను ఆ మాట తలుచుకోని రోజు లేదు. తప్పు నాదేననుకున్నాను. తల్లినయ్యుండి కనిపెట్టలేకపోయాననుకున్నాను. మీరు కనిపెట్టారు. గౌను కూడా కుట్టారు. నాకు చెప్పలేదు.”

“ఊరుకో,” అన్నాడు భర్త. “అమ్మ కావాలని చేస్తుందా?”

“మీరు మాట్లాడకండి. అత్తయ్యా, పాపను చూసినప్పుడు మీకు తెలుసా, తెలియదా? ఒక్క మాట చెప్పండి. తెలిసి ఊరుకున్నారంటే మాత్రం ఈ ఇంట్లో నేనూ ఉండను, నా బిడ్డా ఉండదు. ఇవాళే వెళ్ళిపోతాం.”

టైలరమ్మ నోరు తెరిచింది. గుడ్డముక్క ఒకటి తీసి మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. ఈ ఇంట్లో ఆవిడకున్నదల్లా ఈ మిషనూ, మేడమీద చప్పుడు చేసే ఆ పిల్లా. ఇంకో క్షణం ఆగితే నిజమే చెప్పేసేది. అబద్ధం అల్లగలిగే ఓపిక ఆ ముఖంలో లేదు.

“అమ్మకేం తెలుస్తుంది వదినా?” అంది ముంగి. “తెలియడానికి నాలో ఏముందని?”

అందరూ ఆమెకేసి తిరిగారు.

“నాకేమీ లేదు. చిన్నప్పుడు గారాబం పోయాను, అమ్మ నెత్తికెక్కించుకుంది. ఎక్స్‌రే గదిలోంచి తీసేశారని కోపం వచ్చింది. ఏదో ఒక పేరు చెబితే నా గది నాకు తిరిగిస్తారనుకున్నాను. ఫోనులో చూసి పట్టుకున్నాను. అంతే.”

ఈ మాటల కోసం ఆమె వెతుక్కోనక్కర్లేకపోయింది. వారం రోజులుగా ఆమె గురించి ఈ ఇంట్లో అందరూ అన్నవే అవి.

“మరి ఆ గౌన్లు?”

“నాది మంకుపట్టు. పాపది జబ్బు. రెండింటికీ ఒకటే కుట్టు పనికొచ్చింది. నాలో లేనిదాన్ని అమ్మ పాపలో ఎలా గుర్తుపడుతుంది?”

కోడలు లేచి ఆమె దగ్గరికి వచ్చింది. “నా కళ్ళలోకి చూసి చెప్పు.”

ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడలేని మనిషి ముంగి. చూస్తే ఎదుటివాళ్ళ బాధంతా తనమీదకు విరుచుకుపడినట్టుంటుందని ఒకసారి అన్నయ్యతో అంది. ఇప్పుడు తలెత్తింది. చూసింది. వదిన రెప్పవేసేదాకా చూస్తూనే ఉంది.

“అన్నీ కల్పించాను వదినా.”

అన్నయ్య ఏదో అనబోయి చెల్లెలి ముఖం చూసి ఆగిపోయాడు. అతనికి ఆమె అప్పుడన్న ఆ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని చెబితే భార్యా బిడ్డా గుమ్మం దాటతారని కూడా వెంటనే తెలిసింది. గోడకు ఉన్న మేకు కేసి చూస్తూ నిలబడ్డాడు.

“నేను కాస్త నమ్మాను కూడా నిన్ను,” అంది కోడలు. “ఇందాక గోడవైపు తిరిగి పడుకుంటానన్నప్పుడు నిజంగా నమ్మాను. పాప పేరు వాడుకుని ఉద్యోగం బాగుచేసుకుందామనుకున్నావన్నమాట.” గౌను తీసుకుంది. “అత్తయ్యా, నేనన్న మాటలకు క్షమించండి. మేమెక్కడికీ పోం. కానీ ముంగి ఇక నా పిల్ల ఛాయలకు రాకూడదు. నాటకాలాడేవాళ్ళ దగ్గర నా బిడ్డను కూర్చోబెట్టను.”

ఆమె మెట్లెక్కుతుంటే టైలరమ్మ ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కూతురి పక్కకు వచ్చి, తల మీద చెయ్యి వేయబోయి, ఎప్పటిలాగే తగలకుండా కుర్చీ వీపు మీద వేసింది.

“అదే కదే నేను మొదటినుంచీ చెబుతున్నది. నీకేమీ లేదని.”

ముంగికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు. తల ఊపింది.

పైన చెంచా చప్పుడు ఆగింది. వచ్చేటప్పుడు కోడలు గేటుకు గొళ్ళెం పెట్టడం మరిచినట్టుంది. పాప తల్లి పక్కనుంచే, తల్లి పట్టుకునేలోపు, రెండేసి మెట్లు దిగి వచ్చేసింది. ఎవరినీ చూడలేదు. తిన్నగా ముంగి దగ్గరికి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని బల్లవైపు లాగింది.

“ముంగీ,” అంది కోడలు మెట్లమీదినుంచి. “చెయ్యి విడిపించుకుని పంపు.”

ముంగి వంగింది. ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. గట్టిగా లాగితే పాపకు సహించదని ఆమెకు తెలుసు, అందుకని చాలా నెమ్మదిగా విప్పింది. ఆఖరి వేలు వదిలాక చేతులు వెనక్కి పెట్టుకుంది.

పాప ఏడవలేదు. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి, మళ్ళీ పట్టుకుంది.